థైరాయిడ్ రిపోర్ట్ చేతికొచ్చాక: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇప్పుడు రక్తం ఇవ్వడానికి గడప దాటనక్కర్లేదు. పొద్దున్నే ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్తారు, సాయంత్రానికి రిపోర్ట్ వాట్సాప్‌లో ఉంటుంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం ఇంకో రెండు మూడు రోజులకు గానీ దొరకదు. ఈలోపు ఒక నంబరు ముద్దక్షరాల్లో ఉందనో, పక్కన హెచ్ (ఎక్కువ) అనో ఎల్ (తక్కువ) అనో ఉందనో ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు. ఈ పేజీ ఆ రెండు మూడు రోజుల కోసం.

థైరాయిడ్ తేడా అరుదైన జబ్బేమీ కాదు. హైదరాబాద్‌తో సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో ఐదు వేల మందికి పైగా పెద్దవాళ్ళను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి దాదాపు 11 మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, ఉన్నట్టు తేలింది. వాళ్ళలో సుమారు మూడో వంతు మందికి ఆ పరీక్ష చేసేదాకా సంగతే తెలియదు.

టీ3, టీ4, టీఎస్‌హెచ్ అని మూడు లైన్లు ఉన్నాయి. ముందు ఏది చూడాలి?

టీఎస్‌హెచ్. థైరాయిడ్‌ను అదిలించే హార్మోన్ ఇది. దీన్ని తయారుచేసేది మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గుతోందని పసిగట్టగానే పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది. పని నెమ్మదిస్తే మేస్త్రీ గొంతు పెంచినట్టు. హార్మోన్ ఎక్కువైతే ఆ గొంతు తగ్గిపోతుంది, టీఎస్‌హెచ్ పడిపోతుంది.

పిట్యూటరీ చాలా చురుకైనది. ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా ఉండే థైరాయిడ్ హార్మోన్, సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరగగలదు. అందుకే టీ3, టీ4 ఇంకా నార్మల్‌లో ఉండగానే టీఎస్‌హెచ్ గీత దాటేస్తుంది. తేడాను అందరికంటే ముందు చెప్పేది అదే.

ఇక టీ4 అంటే థైరాయిడ్ ఎక్కువగా తయారుచేసే హార్మోన్. ఒంట్లో అసలు పని చేసేది టీ3. అందులో ఎక్కువ భాగం కాలేయం, కిడ్నీల్లాంటి చోట్ల టీ4 నుంచే తయారవుతుంది.

టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చిందంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నట్టేనా?

కాదు, సరిగ్గా దానికి తలకిందులు. టీఎస్‌హెచ్ పెరిగిందంటే సాధారణంగా థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని, అంటే హైపో. తగ్గిందంటే ఎక్కువగా పనిచేస్తోందని, అంటే హైపర్. "మా ఆవిడకు థైరాయిడ్ బాగా పెరిగిపోయింది" అని ఫోన్‌లో చెబితే ఏది పెరిగిందో అవతలివాళ్ళకు అర్థం కాదు. టీఎస్‌హెచ్ ఎంత, ఫ్రీ టీ4 ఎంత అని నంబర్లు చెప్పండి.

నా టీఎస్‌హెచ్ 6.8. పక్కన హెచ్ ఉంది. ఫ్రీ టీ4 మాత్రం నార్మల్. మందు మొదలుపెట్టాలా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది తొందరపడేదీ ఇక్కడే. కాబట్టి ఆ రిపోర్ట్‌ను కొంచెం నిదానంగా చూద్దాం.

టీఎస్‌హెచ్ 6.8, ల్యాబ్ ఇచ్చిన పరిధి 0.4 నుంచి 4.2. ఫ్రీ టీ4 1.1, పరిధి 0.8 నుంచి 1.8. అంటే హార్మోన్ సరిపడా ఉంది, కాకపోతే దాన్ని ఆ స్థాయిలో ఉంచడానికి పిట్యూటరీ కాస్త గట్టిగా అదిలించాల్సి వస్తోంది. దీన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. ఇలాంటి రిపోర్ట్ ఒక్కటి చూసి జీవితాంతం మాత్ర అని తీర్మానించకూడదు. రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ చేయిస్తే చాలామందికి టీఎస్‌హెచ్ దానంతటదే పరిధిలోకి వచ్చేస్తుంది. మధ్యలో వచ్చిన ఒక జ్వరం, సరిగ్గా నిద్రపోని వారం, శాంపిల్ ఇచ్చిన సమయం, ఇవన్నీ ఆ నంబరును కదిలించగలవు.

రెండోసారి కూడా ఎక్కువే ఉంటే అప్పుడు అసలు లెక్క మొదలవుతుంది. టీఎస్‌హెచ్ 10 దాటితే లక్షణాలు పెద్దగా లేకపోయినా మందు వైపే ఎక్కువమంది డాక్టర్లు మొగ్గుతారు. 10 లోపు ఉంటే మనిషిని బట్టి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నారా, గొంతు దగ్గర వాపు ఉందా, యాంటీ టీపీవో (థైరాయిడ్ మీదకే తిరగబడే యాంటీబాడీ) పాజిటివా, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందా, నీరసం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం లాంటివి నిజంగా ఉన్నాయా అని చూస్తారు. ఇవేవీ లేకపోతే ఆరు నెలలకో ఏడాదికో పరీక్ష చేయిస్తూ ఊరికే గమనించడం కూడా వైద్యమే. మందు రాయలేదని డాక్టర్‌ను మార్చకండి.

ఫ్రీ టీ4 కూడా పరిధి కంటే కిందికి పడిపోయి ఉంటే అది వేరే సంగతి. అది పూర్తి హైపోథైరాయిడిజం, మందు కావాలి.

ఒకే వారంలో రెండు ల్యాబుల్లో చేయిస్తే ఒకచోట 3.6, ఇంకోచోట 5.1. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి నుంచి తెల్లవారుజాము వరకు ఎక్కువగా ఉండి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. పొద్దున ఆరున్నరకు ఇంట్లో ఇచ్చిన శాంపిల్‌కీ, ఆఫీసు నుంచి లంచ్ టైమ్‌లో వెళ్ళి ఇచ్చిన దానికీ తేడా రావడం మామూలే. పైగా ల్యాబుల్లో మెషీన్లు వేరు, కిట్‌లు వేరు. అందుకే ఒక ల్యాబ్ నంబరును ఇంకో ల్యాబ్ పరిధితో పోల్చకూడదు. వీలైతే ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో, దాదాపు ఒకే సమయానికి ఇవ్వండి.

యూనిట్లు కూడా చూడండి. ఒక రిపోర్ట్‌లో టీ3 1.2 అనీ, ఇంకోదాంట్లో 120 అనీ ఉంటే కంగారొద్దు. మొదటిది మిల్లీలీటరుకు నానోగ్రాములు, రెండోది డెసిలీటరుకు. రెండూ ఒక్కటే. ఫ్రీ టీ4 కొన్నిచోట్ల 1.1 బదులు 14 అని వస్తుంది. అది పికోమోల్స్‌లో లెక్క, 12.87తో గుణిస్తే సరిపోతుంది.

పరగడుపునే ఇవ్వాలా?

థైరాయిడ్ పరీక్ష ఒక్కటే అయితే అక్కర్లేదు. షుగర్, కొలెస్ట్రాల్ కలిపి ప్యాకేజీగా చేయిస్తున్నారు కాబట్టి ల్యాబ్‌వాళ్ళు ఖాళీ కడుపుతో రమ్మంటారు.

శాంపిల్ ఇచ్చే రోజు థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చా?

రక్తం ఇచ్చాక వేసుకోండి. మాత్ర మింగిన రెండు నుంచి నాలుగు గంటల్లో ఫ్రీ టీ4 కాస్త పైకి లేస్తుంది, ఆ టైమ్‌లో శాంపిల్ ఇస్తే నంబరు ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ మీద ఆ ఒక్క మాత్ర ప్రభావం పెద్దగా ఉండదు. మర్చిపోయి వేసేసుకుంటే శాంపిల్ తీసే అబ్బాయికి ఆ మాట చెప్పండి, వెనక్కి పంపాల్సిన పని లేదు.

జుట్టు రాలుతోందని ఏదో మాత్ర వాడుతున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

చాలా ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. జుట్టుకు, గోళ్ళకు అమ్మే మాత్రల స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. బయోటిన్ 5 మిల్లీగ్రాములనో 10 మిల్లీగ్రాములనో ఉంటుంది. ఒంటికి రోజుకు కావాల్సింది మైక్రోగ్రాముల్లో, అంటే ఇది వందల రెట్లు ఎక్కువ. ఒంటికి పెద్ద హాని చేయదు గానీ, కొన్ని ల్యాబ్ మెషీన్లు వాడే కిట్‌లలో బయోటిన్ కూడా ఒక భాగం. రక్తంలో అది నిండిపోయి ఉంటే మెషీన్ తప్పు చదువుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. మనిషి నిక్షేపంగా ఉంటాడు, రిపోర్ట్ మాత్రం హైపర్‌థైరాయిడ్ అంటుంది. అసలు హైపో ఉన్నవాళ్ళకైతే నార్మల్ అని కూడా చూపించగలదు.

విడ్డూరమేమిటంటే, థైరాయిడ్ తేడా వల్ల జుట్టు రాలేవాళ్ళే ఆ మాత్రలు కొనుక్కుని, ఆ తేడాను పట్టుకోవాల్సిన పరీక్షకు వెళ్తారు. శాంపిల్‌కు కనీసం రెండు రోజుల ముందు ఆపండి, ఎక్కువ డోసు వాడుతుంటే ఇంకొంచెం ముందే. ఆపకుండా ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, ఆ రిపోర్ట్‌ను నమ్మి మందు మార్చుకోవద్దు.

టోటల్ టీ4 చేయించాలా, ఫ్రీ టీ4 చేయించాలా?

ఫ్రీ టీ4. రక్తంలో ఉన్న టీ4లో దాదాపు అంతా ప్రొటీన్లకు అతుక్కుని తిరుగుతుంది. విడిగా ఉండి కణాల్లోకి వెళ్ళగలిగేది నూటికి 0.03 వంతు మాత్రమే. గర్భం వచ్చినప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు ఆ ప్రొటీన్లు పెరుగుతాయి. దాంతో టోటల్ టీ3, టీ4 గీత దాటి కనిపిస్తాయి, గ్రంథి మాత్రం మామూలుగానే ఉంటుంది. చౌక ప్యాకేజీల్లో ఎక్కువగా ఉండేది టోటలే. నిజానికి మొదటిసారి చూసుకోవడానికి టీఎస్‌హెచ్ ఒక్కటి చాలు, తేడా ఉంటే ఫ్రీ టీ4 తర్వాత చేయించవచ్చు. నూటపాతిక పరీక్షల ప్యాకేజీ కొంటే అందులో ఏదో ఒకటి గీత దాటే తీరుతుంది.

మా అమ్మాయికి మూడో నెల. టీఎస్‌హెచ్ 3.4 వచ్చింది. రిపోర్ట్ నార్మల్ అంటోంది, డాక్టర్ మాత్రం మాత్ర రాశారు. ఎందుకు?

రిపోర్ట్‌లో అచ్చయ్యే పరిధి గర్భం లేనివాళ్ళది. మొదటి మూడు నెలల్లో గర్భం వల్ల పెరిగే హెచ్‌సీజీ అనే హార్మోన్ థైరాయిడ్‌ను తనూ కొంత కదిలిస్తుంది. దాంతో టీఎస్‌హెచ్ సహజంగానే దిగుతుంది. అప్పుడు 0.2 వచ్చినా జబ్బు కాకపోవచ్చు, 4 దాటితే మాత్రం పట్టించుకోవాల్సిందే. 2.5 నుంచి 4 మధ్య ఉన్నవాళ్ళకు యాంటీ టీపీవో పాజిటివా, ఇంతకుముందు గర్భస్రావాలు జరిగాయా అని చూసి నిర్ణయిస్తారు. ఈ మధ్య భాగంలో డాక్టర్లందరిదీ ఒకే మాట కాదు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం కాబట్టి జాగ్రత్త వైపు మొగ్గడం సహజం.

ఇంతకుముందే మాత్ర వాడుతున్నవాళ్ళు గర్భం అని తెలియగానే అదే వారంలో డాక్టర్‌కు ఫోన్ చేయాలి. చాలామందికి డోసు పాతిక, ముప్ఫై శాతం పెంచాల్సి వస్తుంది. "కడుపుతో ఉన్నప్పుడు మందులెందుకు" అని పెద్దవాళ్ళు ఎవరైనా అంటే, ఈ మాత్ర ఒంట్లో ఉండాల్సిన హార్మోనే అని నెమ్మదిగా చెప్పండి. ఆపడమే ప్రమాదం.

టీఎస్‌హెచ్ 0.02 వచ్చింది. గుండె దడ, చేతులు వణుకు, బరువు తగ్గుతున్నాను.

ఫ్రీ టీ4, టీ3 కూడా ఎక్కువ ఉంటే హైపర్‌థైరాయిడిజమే. కానీ ఎందుకు వచ్చిందో తేలకుండా హార్మోన్ తయారీని ఆపే మందు మొదలుపెట్టకూడదు. గ్రేవ్స్ జబ్బులో గ్రంథి నిజంగానే ఎక్కువ తయారుచేస్తుంది, దానికి కార్బిమజోల్ లాంటి మందులు కావాలి. థైరాయిడైటిస్‌లో వాపు వల్ల నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి కారిపోతుంది. అక్కడ తయారీని ఆపే మందుతో పనిలేదు, కొన్ని వారాల్లో దానంతటదే దిగుతుంది. తర్వాత కొన్నాళ్ళు హైపో వైపు కూడా వెళ్ళొచ్చు. టీఆర్ఏబీ అనే యాంటీబాడీ పరీక్షో, టెక్నీషియం స్కానో ఈ రెండింటినీ విడదీస్తుంది. కాన్పయిన ఏడాదిలోపు బాలింతలకు వచ్చేది చాలావరకు రెండో రకం. పసిబిడ్డతో నిద్రల్లేక అలా ఉందిలే అని ఇంట్లో వాళ్ళు వదిలేస్తుంటారు.

కార్బిమజోల్ వాడుతున్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. జ్వరంతో పాటు గొంతు నొప్పి వస్తే మాత్ర ఆపి, ఆ రోజే రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. అరుదుగా తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

టీఎస్‌హెచ్ నార్మలే, ఫ్రీ టీ4 మాత్రం తక్కువ. ఇదెలా?

ఇది అరుదు, కానీ దాటేయకూడనిది. లోపం థైరాయిడ్‌లో కాకుండా పిట్యూటరీలోనే ఉండొచ్చు. అదిలించాల్సిందే చతికిలబడితే టీఎస్‌హెచ్ పెరగదు. కాన్పు సమయంలో విపరీతంగా రక్తస్రావం జరిగి, తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఏళ్ళ తరబడి నీరసంతో ఉన్న ఆడవాళ్ళలో షీహాన్ సిండ్రోమ్ ఇలా బయటపడుతుంది. వీళ్ళకు పిట్యూటరీ మీదే ఆధారపడే కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ కూడా చూడాలి. అది తక్కువగా ఉండగా థైరాయిడ్ మాత్ర ముందు మొదలుపెడితే ప్రాణం మీదకు వస్తుంది.

యాంటీ టీపీవో 600 వచ్చింది. ఇది తగ్గడానికి ఏం చేయాలి?

ఏం చేయనక్కర్లేదు. రోగనిరోధక వ్యవస్థ మీ థైరాయిడ్ మీదకే తిరగబడిందని అది చెబుతుంది. ముందుముందు హైపో వచ్చే అవకాశం ఎక్కువని కూడా. ఒకసారి పాజిటివ్ అని తేలాక మళ్ళీ మళ్ళీ చేయించడం డబ్బు దండగ. చూస్తూ ఉండాల్సింది టీఎస్‌హెచ్‌ను.

రోజూ మాత్ర వేసుకుంటున్నాను, అయినా టీఎస్‌హెచ్ దిగడం లేదు. డోసు పెంచాలా?

పెంచే ముందు మీ పొద్దుటి పూట ఎలా గడుస్తుందో చూద్దాం. నిద్ర లేవగానే థైరోనార్మ్ గానీ ఎల్‌ట్రాక్సిన్ గానీ మింగుతారు. పది నిమిషాల్లో టీ. దానితో పాటే డాక్టరమ్మ రాసిన కాల్షియం. మధ్యలో గుర్తొస్తే ఐరన్ మాత్ర. డబ్బా నిండా మాత్రలు మింగుతున్నారు, ఒంటికి పట్టేది మాత్రం సగమే. టీ, కాఫీ, పాలు, టిఫిన్ ఏదైనా మాత్ర తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్, గ్యాస్ మాత్రల్లో యాంటాసిడ్ రకం ఉంటే నాలుగు గంటల ఎడం. పొద్దున కుదరకపోతే రాత్రి పడుకునేముందు వేసుకోవచ్చు, భోజనం చేసి మూడు గంటలైతే చాలు. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్ళకు ఈ రాత్రి పద్ధతే హాయి. లేదా సహరీకి అరగంట ముందు.

మాత్రలు వచ్చిన సీసాలోనే ఉంచండి. వారానికి సరిపడా తీసి స్టవ్ పక్కన మూత లేని గిన్నెలో పెట్టుకుంటే ఇక్కడి ఎండాకాలం వేడికి, వెలుతురుకు మందు పస తగ్గుతుంది. వంటింటి కిటికీలోనూ వద్దు.

ఇంకో చిక్కుంది. పరీక్ష దగ్గరపడిందని చివరి వారం మాత్రం క్రమం తప్పకుండా వేసుకునేవాళ్ళ రిపోర్ట్ వింతగా ఉంటుంది. ఫ్రీ టీ4 నార్మల్ లేదా కాస్త ఎక్కువ, టీఎస్‌హెచ్ మాత్రం ఎక్కువే. అది చూడగానే డాక్టర్‌కు అర్థమైపోతుంది. మానేసిన రోజులుంటే చెప్పేయండి, తిట్టరు. చెప్పకపోతే డోసు పెంచుతారు, తర్వాత మీరు బుద్ధిగా వేసుకోవడం మొదలుపెడితే గుండె దడ వస్తుంది.

డోసు నిజంగానే మార్చితే మళ్ళీ పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే. టీ4 సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, పిట్యూటరీ సర్దుకోవడానికి ఇంకాస్త. పదిహేను రోజులకే చేయిస్తే వచ్చే నంబరు దారిలో ఉన్నది, గమ్యం చేరింది కాదు.

టీఎస్‌హెచ్ 2.1కి వచ్చింది. అయినా నీరసం, బరువు తగ్గడం లేదు.

అయితే కారణం వేరే చోట వెతకాలి. హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డి, షుగర్, నిద్ర, మనసు బాగోకపోవడం. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు నీరు. పదిహేను కిలోలకు థైరాయిడ్‌ను నిందించడం దానికి అన్యాయం. బరువు తగ్గాలని డోసు సొంతంగా పెంచుకుంటే ఎముకలు గుల్లబారతాయి, గుండె లయ తప్పుతుంది.

క్యాబేజీ, సోయా మానేయాలా?

వండిన క్యాబేజీ, కాలీఫ్లవర్ మామూలుగా తినొచ్చు. సోయాను మాత్రకు దూరంగా తింటే చాలు. ఉప్పు మాత్రం అయోడైజ్డ్‌దే వాడండి. ఆరోగ్యానికి మంచిదని ఈమధ్య ఇల్లిల్లూ సైంధవ లవణం తెచ్చుకుంటోంది, మామూలుగా అందులో అయోడిన్ కలపరు. దేశం 1962లో గాయిటర్ (థైరాయిడ్ ఉబ్బి మెడ వాయడం) నివారణ కార్యక్రమం మొదలుపెట్టి ఉప్పులో అయోడిన్ కలపడం అలవాటు చేస్తే, మనం ఖరీదు ఎక్కువ పెట్టి దాన్ని తీసేసుకుంటున్నాం.

అమ్మకు 76 ఏళ్ళు, టీఎస్‌హెచ్ 6. పరవాలేదా?

ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉంటే చాలావరకు పరవాలేదు. వయసుతో పాటు టీఎస్‌హెచ్ కాస్త పెరగడం సహజం. ఆ వయసులో అనవసరంగా మందిస్తేనే గుండెకు ఇబ్బంది.

డెంగీతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు థైరాయిడ్ తేడా వచ్చింది.

పెద్ద జబ్బు చేసినప్పుడు టీ3 తగ్గుతుంది, కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్ళు పెరుగుతుంది. ఇంటికొచ్చి ఆరు వారాలయ్యాక మళ్ళీ చేయించండి.

పుట్టిన బిడ్డకు కూడా పరీక్ష ఉంటుందా?

ఉంటుంది, అడిగి మరీ చేయించండి. బొడ్డుతాడు రక్తంతో గానీ, పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి తీసిన చుక్కతో గానీ చేస్తారు. పుట్టుకతో వచ్చే హైపోకు మొదటి రెండు వారాల్లో మందు మొదలైతే బిడ్డ మెదడు మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. చూడటానికి బిడ్డ బాగానే ఉంటుంది కాబట్టి చూసి కనిపెట్టడం కుదరదు.

డబ్బు పెట్టుకోలేనివాళ్ళు ఎక్కడ చేయించుకోవాలి?

బస్తీ దవాఖానాలో అడగండి. అక్కడ తీసిన శాంపిల్స్ ప్రభుత్వ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కు వెళ్తాయి, పరీక్షలు ఉచితం. ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల స్పెషలిస్ట్) అవసరమైతే ఉస్మానియా ఆస్పత్రిలో, పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగాలున్నాయి. మామూలు హైపోకు జనరల్ ఫిజీషియన్ చాలు. గర్భం, హైపర్, పిట్యూటరీ అనుమానం, మెడలో గడ్డ ఉంటే స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టుకుని, ఏ డోసు ఎప్పటి నుంచో ప్రతి రిపోర్ట్ మీద పెన్నుతో రాసి తీసుకెళ్ళండి.

డోసు కుదిరాక ఎంతకోసారి చేయించాలి?

ఆరు నెలలకోసారి, బాగా నిలకడగా ఉంటే ఏడాదికోసారి టీఎస్‌హెచ్ ఒక్కటి. గర్భం వస్తే సగం నెలలు దాటేదాకా నాలుగు వారాలకోసారి. మాత్ర కంపెనీ మారినా, బరువు బాగా మారినా, ఫిట్స్‌కో టీబీకో కొత్త మందు మొదలైనా ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చూసుకోవాలి.